అనుభవం అనే గడిలో ఏం రాయాలి?

మొన్న ఫిబ్రవరిలో బి.కొత్తకోటలో మహిళా సంఘాల కార్యకర్తలతో జరిగిన ఒక చిన్న సమావేశానికి వెళ్ళాను. ఆస్తిహక్కు గురించి మాట్లాడమని పిలిచారు. మాట్లాడాను, అందరూ శ్రద్ధగా విన్నారు. భోజనాలప్పుడు చాలాకాలంగా నాకు తెలిసిన ఒకామె పక్కకు పిలిచి, సంచిలోంచి మడతపెట్టిన కాగితాలు తీసి చేతిలో పెట్టింది. బెంగుళూరు, హైదరాబాదు స్థాయిలో పేరుమోసిన ఒక బిజినెస్ స్కూలుకు ఆమె పెట్టుకున్న దరఖాస్తు, దానికి వచ్చిన జవాబు. దరఖాస్తు పదకొండు పేజీలు. జవాబు రెండు వాక్యాలు. కనీసం ఉండవలసిన పని అనుభవం లేనందున పరిశీలించలేకపోతున్నాం అని దాని సారాంశం.

"ఇరవై ఏండ్లుగా నేను చేసిందేమక్కా? పని కాదా అది?" అని అడిగింది.

ఆస్తిహక్కు గురించి గంటన్నర మాట్లాడి వచ్చిన నా దగ్గర ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆ కాగితాలు తిరిగి చూస్తూ బస్సులో కూర్చున్నప్పుడు తట్టిన విషయాలే ఈసారి సంపాదకీయం. "బిజినెస్ స్కూళ్ళతో మనకేం పని? అవి పెట్టుబడి కోసం సిపాయిలను తయారుచేసే చోట్లు కదా" అని మన పాఠకుల్లో కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కొంచెం ఓపిక పట్టి చదవమని కోరుతున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. వయసు 43. పదో తరగతి పాసయ్యాక ఇంటర్లో చేరిన ఏడాదే పెళ్ళి చేశారు. ఇద్దరు పిల్లలు పుట్టాక, 2004లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అర్హత పరీక్ష రాసి, మదనపల్లెకు ఆదివారాలు క్లాసులకు తిరిగి, 2008లో డిగ్రీ తెచ్చుకుంది. అంతకు ముందే తమ ఊరి పొదుపు సంఘాలకు లెక్కల పుస్తకాలు రాసేది. డిగ్రీ తరువాత తొమ్మిదేళ్ళు మన లాంటి ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసింది. ఆ సంస్థ చింతపండు కార్యక్రమాన్ని నడిపింది నిజానికి ఆమే. ఇళ్ళల్లో కూచుని గింజ తీసే ఆడవాళ్ళకు కూలి ఎంత ఇవ్వాలో, సరుకు ఎప్పుడు కొనాలో, ఎన్నాళ్ళు నిలవ ఉంచాలో, పుంగనూరులో అమ్మాలా హిందూపురం పంపాలా అన్నది ఆమే నిర్ణయించేది. వ్యాపారి తూకంలో మోసం చేస్తున్నాడని అనుమానం వచ్చినప్పుడు, గొడవపడకుండా సంఘం డబ్బుతో సొంత కాటా కొని, ఆ కాటా మీద తూచిన సరుకే అమ్ముతామని తేల్చి చెప్పింది ఆమే. 2021 నుంచి ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో డైరెక్టరు.

దరఖాస్తులో "నాయకత్వ అనుభవం" గురించి రాయమన్నచోట ఆమె 2010 సంగతి రాసింది. ఆ ఏడు ఆగస్టులో ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ షేర్లు స్టాక్ మార్కెట్లో లిస్టయ్యాయి. అక్టోబరుకల్లా బలవంతపు వసూళ్ళు, ఆత్మహత్యల నేపథ్యంలో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ రెండు తేదీల మధ్య ఊళ్ళల్లో ఏం జరిగిందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ నెలల్లో ఆమె ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి, తమ ఊళ్ళో ఏ ఇంటికి ఎన్నిచోట్ల అప్పుంది, ఏ వారం ఎవరికి కట్టాలి, ఇంటి రాబడి ఎంత అని రాసుకుంది. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తున్న ఇళ్ళేవో ఆ గళ్ళలో తెలిసిపోయింది. ఆ ఇళ్ళకు సంఘం నిధిని ముందు ఇవ్వాలని పట్టుబట్టింది. బిజినెస్ స్కూలులో ఇదే పనికి ఒక పేరుంటుంది, ఒక పేపరుంటుంది, దానికి మార్కులుంటాయి. కోట్ల రూపాయలు చేతిలో ఉన్న కంపెనీలు పెద్ద చదువులు చదివిన మనుషులను పెట్టుకుని కూడా చేయని పని అది. లేదా చేయదలుచుకోని పని.

ఇన్ని చేసిన మనిషికి అనుభవం లేదన్నారు. ఎందుకని చూస్తే, దరఖాస్తులో అనుభవం అంటే ఏమిటో ముందే నిర్ణయించి ఉంది. డిగ్రీ తరువాత, పూర్తికాలపు ఉద్యోగంలో, జీతం మీద చేసిన పదేళ్ళ పని. రుజువుగా నియామక పత్రం, జీతం చీటీలు, ఆదాయపు పన్ను ఫారం 16. ఈ మూడింట్లో ఒక్కటీ ఆమె దగ్గర లేదు. సంఘం లెక్కలు రాసిన ఏళ్ళు డిగ్రీకి ముందువి కనుక పోయాయి. స్వచ్ఛంద సంస్థలో తొమ్మిదేళ్ళకు అందింది గౌరవ వేతనం, అంటే వేతనం కాదు. డైరెక్టరు పదవికి జీతం లేదు. ఇంటర్మీడియట్ మార్కుల గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకే కదలలేదట. అక్కడ సున్నా వేస్తే కదిలింది. కూతురు అంగళ్ళు దగ్గర ఇంజనీరింగు చదువుతోంది, అమ్మ దరఖాస్తు నింపింది ఆ పిల్లే. "మా అమ్మకు ఇంటర్లో సున్నా అని నా చేత్తో నేనే కొట్టినానాంటీ" అని నాతో నవ్వుతూనే చెప్పింది.

వయసు పరిమితి అనేది ఎక్కడా రాసిలేదు, అది గమనించండి. ఐ.ఐ.ఎం.లకు రాసే క్యాట్ పరీక్షకు గరిష్ఠ వయసు లేదు. మన ఐసెట్‌కూ లేదు. ఈ విషయంలో న్యాయ విద్య నయం, అక్కడ వివక్ష కనీసం కాగితం మీద ఉండేది. మూడేళ్ళ లా కోర్సుకు 30 ఏళ్ళు దాటకూడదని బార్ కౌన్సిల్ 2008లో నియమం పెట్టింది. 2016లో దాన్ని మళ్ళీ అమలులోకి తేబోతే 2017లో సుప్రీంకోర్టు ఆపింది. రాసి ఉన్నదాని మీద కోర్టుకు వెళ్ళవచ్చు. రాయనిదాని మీద ఎక్కడికి వెళతాం? మన రాజ్యాంగం 15వ అధికరణ మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు అని వివక్షకు కారణాలను పేర్కొంది. అందులో వయసు లేదు. అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలు వయసును బట్టి వివక్ష చూపకూడదని 1975లోనే చట్టం చేశారు. ఆ చట్టంతో అక్కడి బిజినెస్ స్కూళ్ళు నలభై దాటిన ఆడవాళ్ళతో నిండిపోయాయని కాదు. హార్వర్డ్ తన రెండేళ్ళ ఎం.బి.ఏ.లోకి ఆడవాళ్ళను రానిచ్చిందే 1963లో, అదీ ఎనిమిది మందిని. ఈ సంస్థలు తలుపులు ఎంత నెమ్మదిగా తీస్తాయో చెప్పడానికే ఇది.

మన దగ్గర వయసు పని చేసేది పరోక్షంగా. ఐ.ఐ.ఎం.ల ఎంపికలో పరీక్ష మార్కులతో పాటు పది, పన్నెండు తరగతుల మార్కులకూ విలువ ఉంటుంది. అంటే పదిహేనేళ్ళ వయసులో ఇంట్లో దీపం ఎవరికి వెలిగించారు, పొయ్యి ఎవరికి అప్పజెప్పారు అన్నది నలభై ఏళ్ళప్పుడు కూడా మన వెంట వస్తుంది. చాలాచోట్ల ఉద్యోగానుభవానికి మార్కులు రెండు మూడేళ్ళ దాకానే పెరుగుతాయి, ఆ తరువాత చేసినదానికి లెక్క లేదు. ఎక్కువ అనుభవం ఉన్నవారికోసం అని వేరే కోర్సులు వచ్చాయి. అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం. 2006లో ఏడాది కోర్సు మొదలుపెట్టింది, మిగిలినవీ ఆ బాటలో నడిచాయి. ఆ కోర్సులు ఊహించుకున్న మనిషి కంపెనీ ఉద్యోగి. ఇరవై రెండేళ్ళకు డిగ్రీ, ఆ వెంటనే ఉద్యోగం, మధ్యలో ఆగకుండా ప్రమోషన్లు. పిల్లలను కని, అత్తమామలకు చాకిరీ చేసి, మధ్యలో చదివి, దొరికిన పని దొరికినట్టు చేసిన మనిషి వాళ్ళ ఊహలో లేదు. ఆమె జీవితంలోని ప్రతి మలుపూ వాళ్ళ ఫారంలో "విరామం" అవుతుంది. విరామానికి కారణం రాయమని ఒక గడి కూడా ఉంది. అందులో ఆమె "విరామం లేదు" అని రాసింది. ఆ ఒక్క జవాబు కోసమైనా ఆమెను ఇంటర్వ్యూకు పిలిచి ఉండాల్సింది.

ఆడవాళ్ళ జీవితం ఈ సరళరేఖలో నడవదని తెలుసుకున్న మనుషులు మనకు పూర్వం లేకపోలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్వయంగా వయసొచ్చాక ప్రైవేటుగా మెట్రిక్యులేషన్ కట్టి పాసయి, ఆ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, 1942లో మద్రాసులో లా పూర్తిచేశారు. తనలాగే బడి మానేసిన స్త్రీలను కూడగట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివించారు. ఆంధ్ర మహిళా సభ పుట్టింది ఆ పనిలోంచే. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె అధ్యక్షురాలిగా ఉండగా, 1958లో వయోజన స్త్రీలకోసం సంక్షిప్త కోర్సులు ప్రారంభమయ్యాయి. పదేళ్ళ చదువును రెండేళ్ళలో చదివించి టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా తయారుచేయడం వాటి ఉద్దేశం. ఆ ఉద్యోగాలు "ఆడవాళ్ళవి" అనే పరిమితి వాటిలో ఉంది, నిజమే. కానీ మనిషి ఆగిన చోటికి చదువే వెళ్ళాలన్న ఆలోచన అప్పటికే ఉంది. అరవై ఏళ్ళ తరువాత మన గొప్ప విద్యాసంస్థలు దాన్ని ఎక్కడ పారేసుకున్నాయో తెలియదు.

ఇక ఆమెకు ఆ చదువు ఎందుకు కావాలి అన్న ప్రశ్న. నేనూ అడిగాను. ఐసెట్ రాసి మదనపల్లెలోనో తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో ఎం.బి.ఏ. చేయవచ్చు కదా అన్నాను.

"మా కంపెనీ సీ.ఈ.ఓ. ఇక్కడి కాలేజీలోనే ఎం.బి.ఏ. చదివినాడక్కా. మంచి పిల్లోడు, మా వాడికంటే రెండేండ్లు పెద్ద. మండీలో కమీషను ఎట్ల పట్టుకుంటారో, క్రేటుకు ఎన్ని కిలోలు పోతాయో వానికి నేర్పించింది నేనే. ఆ చదువు నాకెందుకు? మా గురించి పైన యాడో కూసోని రాసేవాళ్ళు చదివే చోటు చూడాలని నాకు."

ఇందులో ఒక చట్టం సంగతి ఉంది. రైతులే వాటాదారులుగా ఉండే ఉత్పత్తిదారుల కంపెనీలకు 2002లో కంపెనీల చట్టం సవరించి దారి వేశారు. వాటాలు సభ్యులవే, బోర్డు సభ్యులదే. కానీ ముఖ్య కార్యనిర్వహణాధికారిని మాత్రం సభ్యులు కానివారిలో నుంచి నియమించాలని అదే చట్టం చెబుతుంది. యజమాని వేరు, నడిపేవాడు వేరు అన్నమాట. 2020లో కేంద్రం పదివేల ఉత్పత్తిదారుల సంఘాల పథకం పెట్టి, ఆ అధికారి జీతానికి నెలకు 25,000 రూపాయల దాకా మొదటి మూడేళ్ళు ఇస్తానన్నది. బోర్డులో కనీసం ఒక స్త్రీ ఉండాలన్నది. నడిపే స్థానానికి మాత్రం వ్యవసాయ, మార్కెటింగు, మేనేజిమెంటు డిగ్రీలు అడిగింది. మన ప్రాంతంలోనే తిరుపతి కేంద్రంగా 2014లో ఏర్పడిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీలో లక్షకు పైగా సభ్యులు, అందరూ స్త్రీలే. ఇది చిన్న విషయం కాదు, గర్వించవలసిన విషయం. అటువంటి కంపెనీలకు రేపు మేనేజర్లు ఎవరు, ఎక్కడినుంచి వస్తారు అన్నది అంతకంటే చిన్న విషయమేమీ కాదు. మా కంపెనీకి చట్టం ఒప్పుకోకపోతే పుంగనూరులోనో కుప్పంలోనో ఇంకో కంపెనీని నడుపుతాను అంటుంది ఆమె. దానికి ఆ డిగ్రీ కావాలి.

ఖర్చు ఆమెకు తెలియక కాదు. ఇప్పుడు అహ్మదాబాద్‌లో రెండేళ్ళ కోర్సు ఫీజు పాతిక లక్షలు దాటింది. ఏడాది కోర్సులు అంతకంటే తక్కువేమీ కాదు. నేను ఈ అంకె చెప్పగానే ఆమె వేళ్ళ మీద లెక్క వేసింది. కిలో పది రూపాయలకు అమ్మితే 250 టన్నుల టమాటా. కిలో రెండు వందల దాకా పోయిన 2023 జులై చివరి ధరకైతే పన్నెండున్నర టన్నులు చాలు. "ఆ ధర ఎన్ని దినాలుండింది, ఎంతమందికి దొరికింది అనేదే కదక్కా అసలు లెక్క" అని కూడా అంది. ఆ మాట విన్నాక ఆమెకు అనుభవం లేదన్న ఉత్తరాన్ని ఇంకోసారి చదవబుద్ధి కాలేదు.

మనవాళ్ళను ఆ సంస్థలు అసలే పట్టించుకోవని కాదు. పాఠంగా పట్టించుకుంటాయి. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్ కథ మేనేజిమెంటు విద్యార్థులకు కేస్ స్టడీ. మన పొదుపు సంఘాలూ అంతే. గోల్డ్‌మన్ శాక్స్ కంపెనీ డబ్బుతో 2008 నుంచి హైదరాబాద్ ఐ.ఎస్.బి.లో మహిళా వ్యాపారులకు చిన్న సర్టిఫికెట్ కోర్సులు నడిచాయి. వెళ్ళినవారికి ఉపయోగపడి ఉంటాయి, కాదనను. కానీ డిగ్రీ ఒక గుమ్మం, సర్టిఫికెట్ పెరటి గుమ్మం. మహారాష్ట్రలో సతారా జిల్లా మ్హస్వడ్‌లో చేతనా సిన్హా, అక్కడి స్త్రీలు వేరే దారి పట్టారు. వేలిముద్రలు వేసేవాళ్ళు బ్యాంకు ఎలా నడుపుతారని రిజర్వు బ్యాంకు లైసెన్సు నిరాకరిస్తే, మళ్ళీ వెళ్ళి వడ్డీ లెక్కలు మమ్మల్నే అడగండి, నోటితో చెబుతాం అని అధికారుల ముందు కూర్చున్నారు. 1997లో మాణ్ దేశీ బ్యాంకు వచ్చింది, 2006లో పల్లెటూరి స్త్రీలకోసం వాళ్ళ సొంత బిజినెస్ స్కూలు వచ్చింది. అది ఎంతో విలువైన పని. అయితే మనకు మన బడి ఉందికదా అని వాళ్ళ బడి తలుపు తట్టడం మానేయాలా?

అనుభవాన్ని చదువుగా లెక్కగట్టడం సాధ్యం కాదనేవారు ఫ్రాన్సును చూడాలి. 2002లో అక్కడ వచ్చిన చట్టం ప్రకారం జీతానికి చేసిన పనితో పాటు జీతం లేని పని, స్వచ్ఛందంగా చేసిన పని కూడా ఒక బృందం ముందు రుజువు చేసుకుంటే దాని మీద డిగ్రీ పొందవచ్చు. మన దేశంలో 2023లో ప్రకటించిన జాతీయ క్రెడిట్ విధానం కూడా అనుభవానికి క్రెడిట్లు ఇవ్వవచ్చునంటుంది. 2015లో మన రాష్ట్రానికి వచ్చిన విశాఖపట్నం ఐ.ఐ.ఎం.ను, మన మహిళా విశ్వవిద్యాలయాన్ని ఈ విషయమై గట్టిగా అడగవలసిన అవసరం ఉంది. సంఘాలలో, సమాఖ్యలలో పదిహేనేళ్ళు పనిచేసిన స్త్రీలకు కొన్ని సీట్లు, తెలుగులో రాసే అవకాశంతో ప్రవేశ పరీక్ష, ఫీజు మినహాయింపు. ఇవి మరీ పెద్ద కోరికలేమీ కావు.

అడిగే ముందు మన ఇల్లు చూసుకోవాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. ఆమె దగ్గర నియామక పత్రం లేకపోవడం ఆ బిజినెస్ స్కూలు తప్పు కాదు. తొమ్మిదేళ్ళు రోజుకు పది గంటలు పనిచేయించుకున్న సంస్థ ఆమెను రిజిస్టర్లో "వాలంటీరు" అని రాసుకుంది. ఎందుకో మనందరికీ తెలుసు. ఉద్యోగి అంటే పి.ఎఫ్. కట్టాలి, గ్రాట్యుటీ ఇవ్వాలి, ప్రాజెక్టు అయిపోయినప్పుడు పొమ్మనడానికి వీలుండదు. ఆడవాళ్ళ శ్రమ కనిపించకుండా పోతున్నదని కరపత్రాలు వేసే మన సంస్థల్లోనే నగరంలో కూర్చున్నవారికి జీతం, పల్లెలో తిరిగేవారికి గౌరవ వేతనం. నివేదికలు రాసేవారు కో-ఆర్డినేటర్లు, ఆ నివేదికల్లోని పని చేసినవారు "లబ్ధిదారులు".

నన్ను నేను మినహాయించుకోవడం లేదు. 2011లో నా పరిశోధన కోసం ఆ మండలంలో సర్వే చేయించాను. మార్చి నుంచి ఆగస్టు వరకు ఎండలో ఇల్లిల్లూ తిరిగింది ఆమే. ఏ ప్రశ్న ఎవరినీ ఎలా అడగకూడదో, ఏ ఇంట్లో భర్త ఉండగా మాట్లాడించకూడదో నాకు చెప్పింది, నా ప్రశ్నాపత్రంలో రెండు ప్రశ్నలు అర్థంలేనివని తీసేయించింది. ఒక్కో ప్రశ్నాపత్రానికి ఇంత అని వోచరు మీద సంతకం పెట్టించుకుని డబ్బు ఇచ్చాను. ఆమె తిరిగిన ఇళ్ళ మీద నాకు డాక్టరేట్ వచ్చింది. సిద్ధాంత గ్రంథం ముందుమాటలో "క్షేత్ర సహాయకులకు కృతజ్ఞతలు" అని ఒక వాక్యం ఉంది. పేరు లేదు. అంతకాలం పరిశోధన చేసినట్టు ఒక కాగితం రాసి ఇవ్వాలని నాకు తట్టనేలేదు, ఆమె అడగనూ లేదు. మొన్న సంచిలోంచి కాగితాలు తీసేవరకు.

ఏప్రిల్లో మళ్ళీ వెళ్ళాను. ఇద్దరం కూచుని పాత మినిట్స్ పుస్తకాలు, క్యాష్ పుస్తకాలు, కొనుగోలు రసీదులు ముందేసుకుని, ఏ ఏడు ఏ పని, ఎంత డబ్బు ఆమె చేతిమీదుగా నడిచింది, ఎంతమంది ఆమె కింద పనిచేశారు అని వరుసగా రాశాం. ఆరు పేజీలయింది. హోదా దగ్గర ఏం రాయాలన్నదాని మీద చాలాసేపు వాదించుకున్నాం. ఆమె "లెక్కలమ్మ అనేవాళ్ళు, అదే రాద్దామా" అంది. చివరికి "కార్యక్రమ నిర్వాహకురాలు" అని రాశాం. ఆ ఆరు పేజీల మీద సంతకం పెట్టమని ఆ సంస్థ కార్యదర్శిని కలిశాను. ఆయన, నేను ఎన్నో సభల్లో ఒకే వేదిక మీద కూర్చున్నవాళ్ళం. చదివి, అన్నీ నిజాలేనని ఒప్పుకున్నారు. సంతకం పెడితే పాత బకాయిలు అడిగే అవకాశం ఉంటుంది కనుక ఆడిటరును సంప్రదించి చెబుతానన్నారు. అడిగితే ఇవ్వాలి కదా అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

నా వంతు కాగితం నేను రాసి ఇచ్చాను. 2011 మార్చి నుంచి ఆగస్టు వరకు, ఆరు నెలలు, హోదా: సహ పరిశోధకురాలు. సిద్ధాంత గ్రంథం పుస్తకంగా రాబోతున్నది, ముందుమాటలో పేరు ఉంటుంది. తొమ్మిదేళ్ళ కాగితం మాత్రం ఇంకా రాలేదు. వచ్చే ఏడాది ప్రవేశాలకు దరఖాస్తు గడువు ఈ నెలాఖరు.